ఏ కంప్యూటరు కోర్సు ఏ జీవనోపాధికి?

పదవ తరగతి ఫలితములు వెలువడు దినములలో తిరుపతి, చిత్తూరు ప్రాంతపు పల్లెలకు కరపత్రములు విరివిగా వచ్చుచుండును. మూడు నెలలలో కంప్యూటరు నేర్పుదుమనియు, నేర్చిన ప్రతివారికిని ఉద్యోగము చూపుదుమనియు వానియందు పెద్ద అక్షరములతో అచ్చువేయబడియుండును. అట్టి కాగితమును చేతబట్టుకొని ఒక పాడిరైతు వార్డు సభ్యుని యింటికి వచ్చి, "అన్నా, మా పాపను దీంట్లో చేర్చేదా, వద్దా?" అని యడుగును. సభ్యుడు తనకు తెలిసినంతలో ఏదో యొక మాట చెప్పును. ఆ మాట నమ్మి ఆ రైతు ఒక పాడియావును అమ్మి రుసుము కట్టవచ్చును; లేదా బిడ్డకు అందివచ్చిన మంచి అవకాశమును చేజార్చుకొనవచ్చును. ఒక కుటుంబపు భవిష్యత్తు ఆ వాకిటి సంభాషణపై ఆధారపడియున్నది గనుక, ఈ విషయమును సభ్యులు కొంత లోతుగా తెలిసికొనుట అవసరమని మేము తలంచుచున్నాము.

ఇది పంచాయతీకి సంబంధించిన పని కాదని కొందరు అనుకొనవచ్చును. అట్లనుకొనుట సరికాదు. 1992లో ఆమోదింపబడి, 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పదునొకండవ షెడ్యూలులో చేర్చినది. వానిలో త్రాగునీరు ఉన్నది, రోడ్లు ఉన్నవి. 18వ విషయము సాంకేతిక శిక్షణ, వృత్తివిద్య. బోరుబావికి మోటారు బిగించుటకు ముందు దాని అశ్వశక్తి యెంత, గ్యారంటీ యెన్నాళ్ళు అని విచారించు సభ్యుడు, ఊరి పిల్లలు చేరు కోర్సును గూర్చియు అట్టి ప్రశ్నలే వేయుట న్యాయము.

పనిముట్టు వేరు, పని వేరు

మొదట ఒక భ్రమను తొలగించుకొనవలెను. కంప్యూటరు కోర్సు అనునది ఒక్కటి కాదు. ఇరువది గంటల పాఠమునకును, మూడేండ్ల డిప్లొమాకును జనుల వాడుకలో అదే పేరు చెల్లుచున్నది. ఉలి పట్టుకొనుట నేర్చినంతమాత్రమున ఒకడు వడ్రంగి కాజాలడు. ఏ కొయ్య యెండకు వంగునో, తలుపునకు ఎంత మందము కావలెనో తెలిసినపుడే ఆ ఉలి అతనికి అన్నము పెట్టును. కంప్యూటరును అట్టి పనిముట్టే. లెక్కలు వ్రాయుట తెలిసినవాని చేతిలో అది లెక్కల పనిముట్టు. ఇండ్ల ప్లానులు గీయువాని చేతిలో అది గీతపని పనిముట్టు. పనియేదియు తెలియనివాని చేతిలో అది కాలక్షేపమునకు మాత్రము పనికివచ్చును.

అక్షరాస్యతకును వృత్తికిని గల ఈ భేదమును ఒక ఉదాహరణముతో చెప్పవచ్చును. కేంద్రప్రభుత్వము 2017లో ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ అను పథకమును ప్రారంభించి, గ్రామీణ కుటుంబమునకు ఒకరి చొప్పున, 14 మొదలు 60 ఏండ్ల వయస్సు గలవారికి 20 గంటల శిక్షణ నిప్పించినది. 2024 మార్చి 31తో ఆ పథకము ముగిసినది. ఫోనుద్వారా డబ్బు పంపుట, దరఖాస్తు నింపుట, ప్రభుత్వ సమాచారము వెదకుట అందులో నేర్పిరి. అది చాల ఉపయోగకరమైన విద్య. కాని అది సంతకము నేర్చుట వంటిది. గుమాస్తా పని నేర్చుట వంటిది కాదు. ఆ సర్టిఫికెట్టును ఉద్యోగపు దరఖాస్తుకు జతపరచి, జాబు రాలేదని చింతించువారిని చూచినపుడు, ఈ భేదమును వారికి ముందుగా ఎవరును చెప్పలేదు గదా యని మాకు విచారము కలిగినది.

కుప్పము మొదలు నేటివరకు

కంప్యూటరుపై బ్రదుకుట యెట్టిదో తెలిసికొనుటకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. ఈ ప్రాంతపు ఇరువది సంవత్సరముల చరిత్రయే చాలును.

ఆంధ్ర, కర్ణాటక, తమిళ సీమలు కలియుచోట నున్న కుప్పములో 2002వ సంవత్సరమున హ్యూలెట్ పాకర్డ్ కంపెనీయు, రాష్ట్రప్రభుత్వమును కలిసి ఐ-కమ్యూనిటీ అను మూడేండ్ల పథకమును ప్రారంభించిరి. చుట్టుపట్ల గ్రామములందు సమాచార కేంద్రములు వెలసినవి. అక్కడివారే వానిని నడుపుచు, దరఖాస్తులు నింపి యిచ్చుట, కాగితములకు నకళ్ళు తీయుట, కంప్యూటరు నేర్పుట మొదలగు పనులు చేసిరి. ఆ పథకమునందు మాకు మిక్కిలి గమనింపదగినదిగా తోచిన అంశము మరియొకటి కలదు. స్వయం సహాయక సంఘములలోని కొందరు స్త్రీలకు డిజిటల్ కెమెరా, చేతితో మోసికొనిపోదగిన ప్రింటరు, సూర్యరశ్మితో ఛార్జి యగు పరికరము ఇచ్చి, గ్రామ ఫొటోగ్రాఫరులుగా తర్ఫీదు చేసిరి. ఒక్క ఫొటో కొరకు పల్లెవారు పట్టణమునకు బస్సెక్కి, కూలి పోగొట్టుకొని వచ్చుకాలమది. కరెంటు లేని ఊరిలో సైతము అప్పటికప్పుడు ఫొటో తీసి చేతికిచ్చు స్త్రీకి గిరాకికి కొదువ యుండదు. ఇంటిపట్టున నుండిన స్త్రీలకు స్వంత ఆదాయము లభించినది.

కొన్ని యేండ్లు గడచునప్పటికి ప్రతివాని ఫోనులోనే కెమెరా వచ్చినది. ఆ పనికి వెనుకటి గిరాకి లేకపోయినది. ఇందు ఎవరి తప్పును లేదు. యంత్రము మారినది, అంతియే. అయితే ఇందుండి ఒక సంగతి మనము గ్రహింపవచ్చును. పరికరమును నొక్కుట మాత్రమే నేర్చినవారి పని ఆ పరికరముతోనే ముగియును. దానితోపాటు లెక్క వ్రాసికొనుట, గిరాకిదారుతో మాటలాడుట, ధర కట్టుట, చెడినదానిని విప్పి చూచుట నేర్చినవారు మరియొక పరికరమునకు మారగలరు.

తరువాతి ఘట్టము మీసేవ. రాష్ట్రములోనే మొదటగా 2011 నవంబరు 4న అది చిత్తూరు జిల్లాలో ప్రారంభమైనది. అంతకుముందు అడంగలు నకలుకు గాని, ఆదాయ ధృవపత్రమునకు గాని తాలూకా కచ్చేరి కాలమునుండి వచ్చుచున్న పద్ధతిలో మండల కార్యాలయము చుట్టు తిరుగవలసియుండెను. అధికారి డిజిటల్ సంతకముతో కంప్యూటరునుండియే పత్రము చేతికివచ్చు ఏర్పాటు మన జిల్లా ప్రజలు ముందుగా చూచిరి. మీసేవ కేంద్రములను నడుపుట ఎందరో యువకులకు వృత్తి యైనది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయముల వ్యవస్థ ఆరంభమై, డిజిటల్ అసిస్టెంటు అను ఉద్యోగి ఊరిలోనికే వచ్చినపుడు ఆ కేంద్రముల పని కొంత యిటు మరలినది. 2025 జనవరి 30న మన మిత్ర అను పేర వాట్సాప్ ద్వారా 161 సేవలను పౌరుని ఫోనునందే అందించుట మొదలైనపుడు, బల్ల కీవల నిలుచుండి దరఖాస్తు నింపించుకొను అవసరము మరికొంత తగ్గినది.

2002, 2011, 2019, 2025. ఈ నాలుగు సంవత్సరములను సభ్యులు మనస్సున నుంచుకొనవలెను. ఎనిమిది పది యేండ్ల కొకసారి, ఒక్కొక్కప్పుడు అంతకంటె త్వరగా, కంప్యూటరు పని రూపము మారుచున్నది. పదునెనిమిదేండ్ల పిల్లవాడు నేడు నేర్చిన విద్యతో నలువదేండ్లు బ్రదుకవలెను గదా! కనుక నేటి యంత్రమును మాత్రము చూపి పంపు కోర్సుకన్న, పని మూలమును నేర్పు కోర్సు మేలు.

కోర్సులు, వాని విలువ

ఇక పదవ తరగతి ముగిసిన బాలబాలికలకు గల మార్గములు చూతము.

మొదటిది ఐ.టి.ఐ. భారత ప్రభుత్వము 1950లో ప్రారంభించిన చేతిపనివారల శిక్షణ పథకము క్రింద నడచు ఈ సంస్థలను మనము ఫిట్టరు, ఎలక్ట్రీషియను, వెల్డరు పనులకే చెందినవిగా తలంచుచున్నాము. వానియందు కంప్యూటర్ ఆపరేటర్ అండ్ ప్రోగ్రామింగ్ అసిస్టెంట్ అను ట్రేడు కూడ కలదు. దీనిని వాడుకలో కోపా అందురు. కాలపరిమితి ఒక సంవత్సరము. పదవ తరగతి ఉత్తీర్ణులు చేరవచ్చును. కార్యాలయపు పనులు, పట్టికలు, డేటాబేసు, నెట్‌వర్కు, వెబ్‌పేజీల తయారీ, ప్రోగ్రామింగు ప్రథమ పాఠములు ఇందులో నేర్పుదురు. ముఖ్యమైన సంగతి యేమనగా, ఇందులో పాఠము చెప్పిన సంస్థయే సర్టిఫికెట్టు నిచ్చుకొనుట లేదు. దేశమంతటికిని ఒకే తీరు పరీక్ష జరుగును. నెగ్గినవారికి జాతీయ ట్రేడు సర్టిఫికెట్టు లభించును. అది బెంగుళూరులోను, చెన్నపట్టణములోను సమానముగా చెల్లును. పిమ్మట 1961 నాటి అప్రెంటిసుల చట్టము క్రింద కంపెనీలలో భృతితో పని నేర్చుకొను వీలును కలదు. ప్రభుత్వ ఐ.టి.ఐ.లలో రుసుము స్వల్పము. అయితే ప్రతి ఐ.టి.ఐ. యందును ఈ ట్రేడు ఉండునని తలంపరాదు. ప్రైవేటు ఐ.టి.ఐ. అయినచో, ఆ సంస్థకు మాత్రమే గాక ఆ ట్రేడునకు కూడ కేంద్ర గుర్తింపు ఉన్నదా యని విడిగా విచారింపవలెను. ఎలక్ట్రీషియను ట్రేడునకు గుర్తింపు పొంది, అదే బోర్డు క్రింద మరియొక కోర్సును నడపుటకు అవకాశము కలదు గదా.

రెండవది పాలిటెక్నిక్. పదవ తరగతి పిమ్మట పాలిసెట్ అను ప్రవేశపరీక్ష వ్రాసి చేరవలెను. గణితము, భౌతిక, రసాయన శాస్త్రములలో 120 మార్కులకు ఆ పరీక్ష జరుగును. కంప్యూటరు ఇంజనీరింగు డిప్లొమా మూడేండ్లు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర ప్రభుత్వ పాలిటెక్నిక్, తిరుమల తిరుపతి దేవస్థానములవారి శ్రీ పద్మావతి మహిళా పాలిటెక్నిక్ మన ప్రాంతపు వారికి చిరకాలముగా తెలిసినవి. డిప్లొమా ముగిసిన పిమ్మట ఈసెట్ వ్రాసి ఇంజనీరింగు డిగ్రీ రెండవ సంవత్సరములో నేరుగా చేరవచ్చును. బీద కుటుంబమునకు ఇది మంచి మెట్టు. మూడేండ్లు పూర్తియగునప్పటికి ఉద్యోగార్హతయు చేతికివచ్చును, పైచదువు త్రోవయు మూయబడదు.

మూడవది వృత్తివిద్యా ఇంటర్మీడియెట్. కొన్ని జూనియర్ కళాశాలలలో కంప్యూటరు శాఖ కలదు. రెండేండ్లు. డిగ్రీకి పోవుటకు అవకాశమున్నది. ఇంజనీరింగు ప్రవేశపరీక్షకు పోదలచినవారు బ్రిడ్జి కోర్సు అనబడు అదనపు పాఠ్యాంశములు కూడ వ్రాయవలెను. ఈ సంగతి చేరునాడే తెలిసికొనక, రెండవ సంవత్సరము చివర విచారించు విద్యార్థులు కలరు.

కేంద్రప్రభుత్వపు నైలిట్ అను సంస్థ నడుపు పరీక్షలు వేరు. దానిని 2011 వరకు డొయాక్ అనెడివారు. అందు సి.సి.సి. అనునది 80 గంటల ప్రాథమిక పాఠము. దానికి పైది ఓ లెవెల్. పనిచేయుచు చదువుకొనదలచిన వారికి ఇవి అనుకూలము.

మిగిలినవి పట్టణములలోని ప్రైవేటు శిక్షణాలయములు. డి.సి.ఎ., పి.జి.డి.సి.ఎ., టాలీ, డి.టి.పి. అను పేర్లు అందరికిని పరిచితములే. వీనినన్నింటిని నిందించుట మా ఉద్దేశము కాదు. ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్లు మన పట్టణములందు గుమాస్తాలను ఎట్లు తయారుచేసెనో, వీనిలో మంచివి నేడు అట్లే చేయుచున్నవి. కాని టైపు ఇన్‌స్టిట్యూటులో నేర్చినవాడు లోయరు, హయ్యరు పరీక్షలను ప్రభుత్వ సాంకేతిక విద్యామండలివద్ద వ్రాసెడివాడు. నేర్పినవాడు వేరు, పరీక్షించినవాడు వేరు. ప్రైవేటు డి.సి.ఎ. సర్టిఫికెట్టులో పెక్కుసారులు ఆ రెండు పనులును ఒక్కరివే. జిల్లాలలో డేటా ఎంట్రీ ఆపరేటరు కొలువులకు వచ్చు ప్రకటనలందు డిగ్రీతోపాటు పి.జి.డి.సి.ఎ. అడుగుట కలదు. అపుడు ఆ డిప్లొమాను ఎవరిచ్చిరి, విశ్వవిద్యాలయమా, బజారులోని దుకాణమా యను ప్రశ్న లేచును. మా యెరుకలో నున్న ఒక కుటుంబము ఊరి సంఘమునుండి అప్పు తెచ్చి కూతురిచే ఆరు నెలలు చదివించిన పిమ్మట, ఆ పత్రము ప్రకటనలో కోరిన అర్హత క్రిందికి రాదని తెలిసికొనినది. ఆ అమ్మాయి పని నేర్చిన మాట నిజమే. కాని అప్పు తీరుటకు మరి రెండేండ్లు పట్టినది.

పేదవారికి మరియొక త్రోవ కలదు. ప్రముఖ బ్యాంకులు జిల్లాలలో నడుపు గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు వసతి, భోజనములతో ఉచితముగా తర్ఫీదు నిచ్చుచున్నవి. కంప్యూటరుపై లెక్కలు వ్రాయుట, డి.టి.పి., సెల్‌ఫోను మరమ్మతు మున్నగునవి వాని జాబితాలో నున్నవి. ఇది ప్రధానముగ సొంతముగా పని పెట్టుకొనగోరువారికి ఉద్దేశింపబడినది.

ఏ పనులు దొరకును?

అన్నిటికంటె స్థిరమైన గిరాకి లెక్కల పనికున్నదని మేము భావించుచున్నాము. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను అమలులోనికి వచ్చినది మొదలు చిన్న వర్తకుడు సైతము తన కొనుగోళ్ళు, అమ్మకములు కంప్యూటరులో ఎక్కింపక తప్పుట లేదు. చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, తిరుపతి వసతిగృహములు, ట్రావెల్సువారు, ఎరువుల దుకాణములు, అందరికిని లెక్కల గుమాస్తా కావలెను. అయితే టాలీ అను సాఫ్ట్‌వేరులో మీటలు నొక్కుట నేర్చి, జమ యేది, ఖర్చు యేది తెలియనివానిని ఎవరును ఉంచుకొనరు. వాణిజ్యశాస్త్రము చదివిన పిల్లలు టాలీ నేర్చినచో అది పాలలో పంచదార కలిపినట్లగును. ఆ పునాది లేనివారు ముందు ఆరునెలలు చిట్టా, ఆవర్జాలు చేతితో వ్రాయుట నేర్చిన మేలు. ఇది పాతకాలపు సలహాగా తోచవచ్చును. పని యిచ్చు వర్తకులు మాత్రము అట్లు తలంచుట లేదు.

తెలుగు అక్షరపు పని మరియొకటి. పెండ్లిపత్రికలు, కరపత్రములు, దస్తావేజులు, పుస్తకములు కూర్చు డి.టి.పి. కేంద్రములు ప్రతి పట్టణములోను కలవు. చాలచోట్ల అను ఫాంట్లతో ఆపిల్ కీబోర్డు పద్ధతిలో నేర్పుచున్నారు. అచ్చుకు అది సరిపోవును. కాని ఆ అక్షరములు వేరొక కంప్యూటరునకుగాని ఫోనునకుగాని పంపినపుడు చదువ వీలుకాని గుర్తులుగా మారును. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణములో తెలుగునకు స్థానము లభించినది. దానితో కొట్టిన తెలుగు ఎక్కడికి పంపినను తెలుగుగానే యుండును, వెదకిన దొరకును. ప్రభుత్వ వెబ్‌సైట్లు, పత్రికల వెబ్‌సైట్లు నడచుట దానితోనే. కనుక తెలుగు టైపు నేర్చుకొను విద్యార్థి రెండవదానిని కూడ నేర్పుమని గట్టిగా అడుగవలెను. తప్పులేకుండ తెలుగు వ్రాయగలవాని కొరత నానాటికి పెరుగుచున్నది. ఈ కొరత కంప్యూటరుది కాదు, మన బడులది.

చేతిపనియందు ఆసక్తి గలవారికి మరమ్మతు పని యున్నది. కంప్యూటర్లు, ప్రింటర్లు బాగుచేయుట, నెట్‌వర్కు తీగలు లాగుట, నిఘా కెమెరాలు బిగించుట, ఇవి మండల కేంద్రములలో సైతము బ్రదుకుతెరువు చూపుచున్నవి. పాలకేంద్రములలో వెన్నశాతము కొలుచు యంత్రమును, తూకపు యంత్రమును కంప్యూటరునకు కలిపి రైతు చేతికి చీటీ యిచ్చుచున్నారు. తెల్లవారుజామున అది మొరాయించినపుడు తిరుపతినుండి మెకానిక్కు వచ్చుదాక పాలు ఆగవు. అట్టిచోట దగ్గరి ఊరిలో పని తెలిసిన యువకుడున్నచో అందరికిని మేలు.

2008లో సత్యవేడు ప్రాంతమున వెలసిన శ్రీసిటీ, తిరుపతి పరిసరములలోని ఎలక్ట్రానిక్ పరిశ్రమలు మరియొక విధమైన కొలువుల నిచ్చుచున్నవి. సరకు నిలువల లెక్క, లారీలకు ఎగుమతి పత్రములు, నాణ్యత నమోదు, ఇవన్నియు అచ్చట కంప్యూటరుపై జరుగును. ఇట్టిచోట కోపా చదివినవానికంటె ఫిట్టరు, ఎలక్ట్రానిక్సు చదివి కంప్యూటరు కూడ తెలిసినవానికే ముందు స్థానము దొరకుట కలదు. కుప్పమువారు రైలెక్కి బెంగుళూరునకును, సత్యవేడు, నగరి వైపువారు చెన్నపట్టణమునకును పోవుట క్రొత్త కాదు. మన పిల్లలకు తమిళమో కన్నడమో కొంత వచ్చియుండుట అదనపు అర్హత. దరఖాస్తులో దానిని వ్రాయ మరచుచున్నారు.

ప్రభుత్వోద్యోగముల సంగతి స్పష్టముగా చెప్పుట మంచిది. 2019లో డిజిటల్ అసిస్టెంటుల నియామకమునకు ఇంజనీరింగు డిప్లొమాగాని, కంప్యూటరు పాఠ్యాంశముగా గల డిగ్రీగాని, ఇంజనీరింగు డిగ్రీగాని కోరిరి. గ్రూపు-2 ఉద్యోగములకు ఎంపికయగువారు పబ్లిక్ సర్వీసు కమిషనువారి కంప్యూటరు ప్రావీణ్య పరీక్ష నెగ్గవలెను. అనగా కంప్యూటరు విద్య ఉద్యోగమునకు తలుపు దగ్గర అడుగు టిక్కెట్టుగా ఉన్నది. కేవలము దానికొరకే ఉద్యోగము లేదు.

ఉన్న కాగితమును చూచి మరల కంప్యూటరులో ఎక్కించు వట్టి డేటా ఎంట్రీ పని మాత్రము క్షీణించుచున్నది. నేడు యంత్రములే కాగితమును చదువుచున్నవి, మాట విని వ్రాయుచున్నవి. టైపు వేగమొక్కటే పెట్టుబడిగా చూపు కోర్సును ఎన్నుకొనవద్దని మేము నిస్సంకోచముగా చెప్పుదుము. యంత్రము వ్రాసినదానిలో తప్పు పట్టగలవానికి పని యుండును.

డేటా ఎంట్రీ పేర జరుగు మోసములు

ఈ పేరుతోనే రెండు విధములైన మోసములు పల్లెలకు వచ్చుచున్నవి. ఇంటివద్దనే కూర్చుండి టైపు చేయుడని చెప్పి, ముందు ధరావతు కట్టించుకొని, పిమ్మట పనిలో తప్పులున్నవని లాయరు నోటీసుల పేర బెదరించి మరింత డబ్బు గుంజుట ఒకటి. ఎట్టి ఉద్యోగమైనను జీతము మనకు రావలెను గాని, మనము ఎదురు కట్టుట యుండదు. ఇట్టిది జరిగినచో 1930 అను సంఖ్యకు వెంటనే ఫోను చేయవలెను. ఆలస్యమైనకొలది డబ్బు చేతులు మారిపోవును.

రెండవది మరింత ఘోరమైనది. 2024 మే నెలలో విశాఖపట్టణ పోలీసులు వెల్లడించిన సంగతి సభ్యులలో పలువురు చదివియుందురు. విదేశములలో డేటా ఎంట్రీ ఉద్యోగములని ఆశచూపి, ఏజెంట్లు మన రాష్ట్రపు యువకులను కంబోడియాకు పంపగా, అచ్చట వారిని నిర్బంధించి, సైబరు మోసములు చేయించిరి. పదవ తరగతి, డిగ్రీ చదివి నాలుగు నెలలు కంప్యూటరు నేర్చిన పిల్లలే ఇట్టివారికి గురియగుదురు. విదేశోద్యోగమునకు పంపు ఏజెంటునకు 1983 నాటి వలసల చట్టము క్రింద కేంద్రప్రభుత్వ లైసెన్సు ఉండవలెను. ఆ లైసెన్సు సంఖ్యను అడుగుటకు తల్లిదండ్రులు మొగమాటపడుదురు; ఏజెంటు తెలిసినవాని బావమరిదియో, మేనమామ కొడుకో అయియుండును. సర్పంచి గాని, సభ్యుడు గాని అడిగినచో ఎవరికిని నొప్పి యుండదు. పర్యాటకుల వీసాపై ఉద్యోగమునకు పొమ్మన్నచో ఆ మాటతోనే ప్రయాణము నిలుపవలెను.

పంచాయతీ చేయదగినది

ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు. పదవ తరగతి పరీక్షలు ముగియు దినములలోనే పాలిసెట్ దరఖాస్తుల గడువు గడచిపోవుట కలదు. పట్టణపు పిల్లలకు ఈ సంగతి తెలియును. మన పిల్లలు ఫలితములు వచ్చినదాక ఆగి, అపుడు విచారించి, సంవత్సరము పోగొట్టుకొనుచున్నారు. ఊరి ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయునివద్దనుండి పదవ తరగతి వ్రాయుచున్నవారి పేర్లు ఫిబ్రవరిలోనే తెప్పించి, ఒక్కొక్కరు ఏమి చదువదలచిరో సభ్యులు తమ తమ వార్డులలో విచారించుట మొదటి పని. తప్పినవారి పేర్లును వ్రాసికొనవలెను, వారిని గూర్చియే ముందు విచారింపవలెను. సప్లిమెంటరీ పరీక్ష నెగ్గుటయే వారికి మొదటి కంప్యూటరు కోర్సు. పదవ తరగతి లేనిదే కోపా లేదు, డిప్లొమా లేదు.

కరపత్రము వచ్చినపుడు ఆ సంస్థవారినే గ్రామసభకు పిలువవచ్చును. పరీక్ష ఎవరు చేయుదురు? సర్టిఫికెట్టుపై ఎవరి ముద్ర యుండును? వారానికి ఎన్ని గంటలు ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క కంప్యూటరు చేతికివచ్చును? గత సంవత్సరము చదివిన పదిమంది ఇపుడెచ్చట నున్నారు? మధ్యలో మానినచో కట్టిన రుసుములో ఎంత తిరిగివచ్చును? ఈ ప్రశ్నలకు అందరి యెదుట జవాబు చెప్పగల సంస్థ మంచిదే కావచ్చును. జవాబు చెప్పుటకు రానిదానిని గూర్చి మనము వేరుగా విచారింప నక్కరలేదు.

బాలికల విషయములో అడ్డంకి తరచుగా రుసుము కాదు, బస్సు. సాయంకాలపు తరగతి ముగిసి ఇంటికి చేరుటకు వాహనము లేక మానిపించిన తండ్రులు పెక్కుమంది. తరగతి వేళలను బస్సు వేళలతో సరిచూచి, అవసరమైనచో ఆర్.టి.సి. డిపో మేనేజరునకు పంచాయతీ తీర్మానము పంపుట సభ్యులకు సాధ్యమైన పని. ఇద్దరు ముగ్గురు బాలికలు ఒకే సంస్థలో, ఒకే వేళ చేరునట్లు తల్లిదండ్రులను కూర్చుండబెట్టి మాటలాడినచో మరియు సులభము.

అభ్యాసమునకు చోటు కూడ చూపవలెను. కోర్సులో నేర్చినది ఇంటికి వచ్చిన పిమ్మట చేతికి కంప్యూటరు లేక మరచిపోవుట సాధారణముగా జరుగుచున్నది. ఊరి బడిలో సెలవుదినములందు తాళము వేసియుంచు కంప్యూటరు గది యున్నచో, ప్రధానోపాధ్యాయుని సమ్మతితో, బాధ్యత వహించు ఒక ఉపాధ్యాయుని సమక్షమున, ఆదివారములు రెండు మూడు గంటలు తెరిపింపవచ్చును. గ్రంథాలయ శాఖ యున్న ఊళ్ళలో అక్కడనైనను ఒక బల్ల, ఒక కరెంటు పాయింటు ఏర్పరుపవచ్చును.

పంచాయతీ లెక్కలు 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో నమోదగుచున్నవి గదా. కోర్సు ముగించిన పిల్లలు ఒకసారి వచ్చి, తమ ఊరి ఆదాయవ్యయములు అందు ఎట్లు కనబడునో ఎవరైనను చూడదగు పుటలలో స్వయముగా వెదకి, గ్రామసభలో పెద్దలకు చదివి వినిపింపవచ్చును. వారికి అభ్యాసమగును. సభ్యులకు కొన్ని ప్రశ్నలు ఎదురుకావచ్చును, వానికి సిద్ధపడియుండవలెను.